రాత్రి బాగానే ఉన్న పాత కారు పొద్దున స్టార్ట్ కావట్లేదు, బ్యాటరీ ఎక్కడ దిగిపోతోందో ఎలా పట్టుకోవాలి?

బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఊడదీసి, టెర్మినల్‌కీ కేబుల్‌కీ మధ్య మల్టీమీటర్‌ను (కరెంటు కొలిచే మీటర్) 10 ఆంపియర్ల రేంజిలో పెట్టి, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోవాలి. ఏది తీస్తే రీడింగ్ ఒక్కసారిగా పడిపోతుందో లీకేజీ ఆ లైనులోనే ఉంది.

తాళం తీసేసినా గడియారం, స్టీరియో మెమరీ లాంటివి కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. పాత కార్లలో అది సుమారు 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే టెన్షన్ అక్కర్లేదు. కొలిచేటప్పుడు తలుపులన్నీ మూసి ఉండాలి. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటర్‌లోని ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఉదాహరణకు, డిక్కీ స్విచ్ ఇరుక్కుపోయి లోపల 5 వాట్ల బల్బు వెలుగుతూనే ఉందనుకుందాం. అది లాగేది 0.4 ఆంపియర్లే. కానీ 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నిండుగా ఉన్నా మూడున్నర రోజుల్లో ఖాళీ అవుతుంది, సెల్ఫ్ అంతకు ముందే మొరాయిస్తుంది.

అన్ని ఫ్యూజులూ తీసినా రీడింగ్ తగ్గకపోతే, ఫ్యూజ్ బాక్సుతో పనిలేకుండా బ్యాటరీకి కలిసిన వాటిని చూడాలి: ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని ఛార్జ్ చేసేది; లోపల కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్ పోయి ఉండొచ్చు), బయట షాపులో నేరుగా బ్యాటరీకి తగిలించిన యాంప్లిఫయర్, హారన్ వైర్లు. పాత కార్లలో ఈ అతుకుల వైరింగే ఎక్కువ తిప్పలు పెడుతుంది.

కొత్త బ్యాటరీ వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. లీకేజీ ఉన్నంతకాలం కొత్తదీ అలాగే దిగిపోతుంది. రీడింగ్ మామూలుగానే ఉంటే మాత్రం అప్పుడు బ్యాటరీని, దాని ఛార్జింగ్‌ను అనుమానించాలి.