ఆ రన్ బాగుందా, పాడైందా? – కామిక్స్ ప్రశ్నలు, జవాబులు

ఒకే రచయిత ఒకే హీరో కథను నెలనెలా, కొన్నేళ్లపాటు రాసుకుంటూ పోతే ఆ వరుసను కామిక్స్ చదివేవాళ్లు ‘రన్’ అంటారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ రన్‌ల మీదే, అందులోనూ తగాదా పడ్డ రన్‌ల మీదే. కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. కథల మలుపులు, ముగింపులు బయటపడతాయి. ముందే తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఆయా జవాబులు దాటేయండి.

ప్రశ్న: జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ రాసిన స్పైడర్‌మ్యాన్ చదువుదామనుకుంటున్న. మా దోస్తులల్ల ఒకడు దాన్ని మించింది లేదంటడు. ఇంకొకడు స్పైడర్‌మ్యాన్‌ను పాడు చేసిందే ఆయన అంటడు. ఎవరి మాట నమ్మాలె?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఇద్దరి మాటా నమ్మొచ్చు. మొదటి ఆయన మనసులో ఆ రన్ ముందు భాగం ఉంది, రెండో ఆయన మనసులో చివరి భాగం ఉంది. 2001లో ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ రెండో వరుస 30వ సంచికతో మొదలై, 2007 చివర్లో 545వ సంచికతో ముగిసింది (నడుమ అంకెలు ఎందుకు దూకాయో తర్వాతి జవాబులో ఉంది). ఆరున్నరేళ్లు, దాదాపు 75 సంచికలు. అంత పొడుగు పనికి ఒక్క మార్కు వేయడం కుదరదు.

మొదటి ఆరు సంచికల్లోనే తగాదా మొదలైంది. ఎజెకీల్ అనే పెద్దమనిషి వచ్చి పీటర్‌ను (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) ఒక ప్రశ్న అడుగుతాడు. రేడియేషన్ వల్లే నిన్ను కుట్టిన సాలీడుకు ఆ శక్తి వచ్చిందా? లేక ఆ సాలీడే తన శక్తిని నీకివ్వాలనుకుని, రేడియేషన్‌కు చచ్చిపోయేలోపు కుట్టిందా? 1962 నుంచి సైన్సు ప్రమాదంగా ఉన్న కథలోకి దైవశక్తి లాంటిదొకటి వచ్చి కూర్చుంది. సగంమందికి ఒళ్లు పులకరించింది, సగంమందికి మింగుడు పడలేదు. అయితే రచయిత ఇక్కడ ప్రశ్నతోనే ఆగాడు. పాత కథలో ఒక్క గీత కూడా చెరపలేదు. నచ్చనివాళ్లు ఎజెకీల్ మాటను నమ్మకుండానే ముందుకు పోవచ్చు.

ఈ రన్‌ను ఎందుకంత మెచ్చుకుంటారో తెలియాలంటే 38వ సంచిక తెరవండి. దాంట్లో విలన్ లేడు, ఫైటింగు లేదు. అంతకు కొన్ని సంచికల ముందు, చినిగిన డ్రెస్సులో ఒళ్లంతా దెబ్బలతో పడి నిద్రపోతున్న పీటర్‌ను మే అత్త చూసేసింది. ఇప్పుడు వచ్చి ఎదురుగా కూర్చుని అడుగుతుంది. ఆమె భర్త బెన్‌ను చంపిన దొంగను అంతకుముందు పట్టుకోకుండా వదిలేసింది తనేనని పీటర్ ఒప్పుకుంటాడు. బెన్ చనిపోయిన రాత్రి ఆయనతో తను గొడవపడిందని, అందుకే ఆయన బయటికి పోయాడని, తప్పు తనదేననుకుని ఇన్నేళ్లు బతికానని ఆమె చెబుతుంది. ఇద్దరూ ఒకే చావు బరువును ఒకరికి తెలియకుండా ఒకరు మోశారన్నమాట. జాన్ రొమీటా జూనియర్ బొమ్మల్లో ఆ ముఖాలు చూడాలి. సంచిక మొత్తం మాటలే, అయినా చేతిలోంచి కింద పెట్టలేం.

రెండో దోస్తు కోపానికి మూలం 509 నుంచి 514 దాకా, 2004లో వచ్చిన కథ. పీటర్ ప్రేమించిన గ్వెన్ స్టేసీ 1973లో, 121వ సంచికలో చనిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత వచ్చిన ఈ కథలో, ఆమెకు విలన్ నార్మన్ ఆస్బోర్న్ వల్ల కవలలు పుట్టారని తేల్చారు. అది ఎక్కడ తప్పిందో చూడండి. పిల్లలు పీటర్‌కే పుట్టినట్టు రాయాలన్నది తన ఆలోచన అని స్ట్రజిన్‌స్కీ తర్వాత చెప్పాడు. ఎదిగిన పిల్లలుంటే పీటర్ ముసలివాడవుతాడని ఆఫీసు ఒప్పుకోలేదు. కథ చట్రం అట్లాగే ఉంచి, తండ్రిని మాత్రం మార్చారు. దాంతో లేత ప్రేమకథ మోసం కథగా మారింది. పిల్లలు అంత తొందరగా ఎట్లా పెరిగారన్నదానికి ఆస్బోర్న్ రక్తంలోని మందు అంటూ ఇంకో అతుకు వేయాల్సి వచ్చింది. చదువుతుంటే ఆ అతుకులు చేతికి తగులుతాయి. 2021లో నిక్ స్పెన్సర్ రన్ చివర్లో ఆ కవలలు గ్వెన్ కన్నవాళ్లే కాదని రాసి దీన్ని కొట్టేశారు.

మన పల్లెల్లో చిందు భాగవతం ఆడితే కథ అందరికీ ముందే తెలుసు. మేళం వాళ్లు పాటలు మార్చినా, హాస్యం పెంచినా జనం తెల్లారేదాకా కూర్చుంటారు. కానీ నిరుడు చూసిన కథే జరగలేదంటే లేచిపోతారు. కామిక్స్ అభిమానుల కోపం కూడా అచ్చం అట్లాంటిదే. ఇకముందు ఏం చేసినా ఓర్చుకుంటారు, వెనక్కి పోయి చదివినదాన్ని మారిస్తే ఓర్చుకోరు.

చివరి కథ ‘వన్ మోర్ డే’లో చేసింది అదే, ఇంకా పెద్దగా. తుపాకీ దెబ్బ తిన్న మే అత్తను బతికించడానికి పీటర్, మేరీ జేన్ తమ పెళ్లిని మెఫిస్టో అనే దయ్యానికి ఇచ్చేస్తారు. 1987లో అయిన పెళ్లి అసలు కానేలేదన్నట్టు చెరిగిపోతుంది. పీటర్ పెళ్లయినవాడుగా ఉండడం తనకు ఇష్టం లేదని అప్పటి ప్రధాన ఎడిటర్ జో కెసాడా చాలాకాలంగా బాహాటంగానే చెబుతూ వచ్చాడు. ఆ కథకు బొమ్మలు గీసిందీ ఆయనే. చివరి రెండు భాగాల నుంచి తన పేరు తీసేయమందామనుకున్నానని, కెసాడా నచ్చజెప్పి ఆపాడని స్ట్రజిన్‌స్కీయే బయటపెట్టాడు. కాబట్టి ఆ తప్పును రచయిత ఒక్కడి నెత్తిన వేయడం న్యాయం కాదు.

మా సలహా: 30 నుంచి 58 దాకా ఆపకుండా చదవండి, ఆ తర్వాత 500 నుంచి 508. నచ్చితే అక్కడ ఆగినా నష్టం లేదు. 509 తర్వాత కూడా మంచి సంచికలున్నాయి, కానీ ఏం రాబోతుందో తెలిసి, గుండె గట్టి చేసుకుని చదవాలి.

ప్రశ్న: 58 తర్వాత ఒక్కసారే 500 ఎట్లొచ్చింది? నడుమ పుస్తకాలు పోయినయా?
– గద్వాల నుంచి

జవాబు: ఏమీ పోలేదు. మొదటి వరుస 441తో ఆగింది. రెండో వరుసను మళ్లీ 1 నుంచి మొదలుపెట్టి 58 దాకా తెచ్చారు. 441కి 58 కలిపితే 499. అందుకే తర్వాతి దానికి 500 అని వేశారు. రెండో వరుస సంచిక ఏది దొరికినా దాని అంకెకు 441 కలిపితే అసలు లెక్క తెలుస్తుంది. అంటే స్ట్రజిన్‌స్కీ మొదటి సంచిక 30 కాదు, 471.

ప్రశ్న: మేం ఏడుగురం ఆదివారం గ్రంథాలయం దగ్గర కూసొని కామిక్స్ మీద ముచ్చట పెడతం. రచయిత పేరెత్తితే చాలు, అరుచుకునుడే. పోయినవారం ఇద్దరు లేచి పోయిండ్రు. ఎట్ల నడపాలె?
– మహబూబ్‌నగర్ నుంచి

జవాబు: అరుపులకు ముఖ్య కారణం, ఏడుగురూ ఏడు వేర్వేరు పుస్తకాల గురించి మాట్లాడడం. ఒకరు సినిమా చూసి వస్తారు, ఒకరు చివరి సంచిక చదివి, ఒకరు ఎవరో తిట్టింది విని. ముందుగా హద్దు గీయండి. ‘ఈ వారం 30 నుంచి 35, అంతే. 36 మాట ఎత్తొద్దు.’ ఆరు సంచికలు ఎందుకంటే, అట్టల మధ్య కలిపి కుట్టే పుస్తకంలో మామూలుగా ఐదో ఆరో ఉంటాయి, ఒక కథ పూర్తవుతుంది. ఒక్కో సంచికలో కథ ఇరవై రెండు పేజీల లోపే. పావుగంట చొప్పున వేసుకున్నా ఆరు కలిపి గంటన్నర. వారంలో ఎవరికైనా వీలయ్యే పనే.

వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ ఒక చీటీ రాసుకు రావాలి. నచ్చిన పేజీ ఒకటి, నచ్చనిది ఒకటి, పేజీ నంబరుతో సహా. నోరు తెరవకముందే చీటీలు బల్ల మీద పడాలి. ఇది ముఖ్యం, ఎందుకంటే గట్టిగా మాట్లాడేవాళ్ల మాట విన్నాక మిగతావాళ్ల అభిప్రాయం అటే వంగిపోతుంది. నంబరు లేకుండా ‘బాగలేదు’ అన్న మాట లెక్కలోకి రాదని ముందే ఒప్పందం చేసుకోండి.

తర్వాత ఆ పేజీ తీసి, తప్పు ఎవరిదో విడగొట్టండి. మొదటి పేజీల్లో పేర్ల పెట్టె ఉంటుంది: రచయిత, పెన్సిల్ బొమ్మ వేసినవాళ్లు, సిరా వేసినవాళ్లు, రంగులు, అక్షరాలు, ఎడిటర్. ఫైటింగులో ఎవరు ఎవర్ని కొట్టారో అర్థం కాకపోతే అది చాలాసార్లు బొమ్మ లోపం. ఒక మనిషి తన స్వభావానికి పడని మాట మాట్లాడితే రచన లోపం. నడుస్తున్న కథ మధ్యలో వేరే పుస్తకం కథ వచ్చి దూరితే అది ఎడిటర్ల పని. 2006లో పీటర్ అందరి ముందు ముసుగు తీసింది మార్క్ మిల్లర్ రాసిన ‘సివిల్ వార్’ అనే వేరే పుస్తకంలో. దాని ఫలితం మోయాల్సి వచ్చింది మాత్రం స్ట్రజిన్‌స్కీ కథ.

నెలకొకటి చదివినవాళ్లు ఎవరు, కలిపి కుట్టిన పుస్తకం చదివినవాళ్లు ఎవరన్నది కూడా అడగండి. ఆ ఆరు సంచికల్లోని విలన్ మోర్లన్‌తో పోరాటం నెలనెలా చదివినవాళ్లకు సాగదీసినట్టే ఉంటుంది, ఒక్క సాయంత్రం చదివినవాళ్లకు ఊపిరాడనివ్వదు. ఇద్దరి మాటా నిజమే, చదివిన తీరు వేరు. లేచిపోయిన ఇద్దర్నీ మళ్లీ పిలిచి, వాళ్ల చీటీలే ముందు చదవండి.

ప్రశ్న: అభిమానులు ఎంత మొత్తుకున్నా కంపెనీ వింటదా? మేం కోపంతో రాసే ఉత్తరాలతోని కథ మారుతదా?
– మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వింటుంది, కానీ ఆలస్యంగా. మీరు ఈ రోజు చదివిన సంచికకు రాత చాలా నెలల ముందే అయిపోయింది. దుకాణాలు కూడా రెండు మూడు నెలల ముందే ఆర్డరు పెడతాయి. అందుకే మొదటి రెండు మూడు సంచికల అమ్మకాల అంకెలు చూపించి ‘జనానికి నచ్చింది’ అనడం సరికాదు. అవి దుకాణాల అంచనా, పాఠకుల తీర్పు కాదు.

పాఠకుల్ని నేరుగా అడిగిన సందర్భం ఒకటుంది. 1988లో జిమ్ స్టార్లిన్ రాసిన బ్యాట్‌మ్యాన్ కథలో బ్యాట్‌మ్యాన్ సహాయకుడైన రెండో రాబిన్ జేసన్ టాడ్ బతకాలా, చావాలా అని రెండు ఫోన్ నంబర్లు ఇచ్చారు. కాల్‌కు 50 సెంట్లు. చావాలన్నవి 5,343, బతకాలన్నవి 5,271. తేడా 72. జేసన్ చచ్చాడు, 2005లో తిరిగి వచ్చాడు. అన్ని వేల కాల్స్‌లో 72 తేడా అంటే అభిమానులు ఒకే గొంతుతో మాట్లాడరని అర్థం. ‘అభిమానులకు నచ్చలేదు’ అని ఎవరైనా రాస్తే, ఏ అభిమానులకు అని అడగండి.

ఇంకొకటి చూడండి. 2012 డిసెంబరులో ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 700వ సంచికలో రచయిత డాన్ స్లాట్, విలన్ డాక్టర్ ఆక్టోపస్ మనసును పీటర్ ఒంట్లో పెట్టి పీటర్‌ను చంపేశాడు. రచయితకు చంపుతామన్న బెదిరింపులు కూడా వచ్చాయి. అది అభిమానం కాదు, నేరం. ఎంత బాధ కలిగినా ఆ దారి పట్టొద్దు. 2013 జనవరి నుంచి 31 సంచికలు నడిచిన ఆ కథను, మొదట తిట్టినవాళ్లలో చాలామంది తర్వాత మెచ్చుకున్నారు. పాత కథను చెరపకుండా, దాని మీద కొత్తది కట్టాడు కాబట్టి ఆ కోపం చల్లారింది.

ఉత్తరం రాస్తే సంచిక నంబరు, పేజీ, మీ అభ్యంతరం, ఎట్లా ఉంటే బాగుండేదో రెండు వాక్యాలు రాయండి. ఒక పేజీ దాటనీయొద్దు.

ప్రశ్న: బ్యాట్‌మ్యాన్ 50 పెళ్లి సంచిక అని కొన్న. పెళ్లే కాలే. ఇది మోసం కాదా?
– వనపర్తి నుంచి

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది, కానీ అది ఎవరి మీద అన్నది చూడాలి. టామ్ కింగ్ 2016 నుంచి నెలకు రెండు చొప్పున రాశాడు. 24వ సంచికలో బ్యాట్‌మ్యాన్ సెలీనాను (క్యాట్‌వుమన్‌ను) పెళ్లికి అడుగుతాడు. ఏడాదిపాటు పెళ్లి పెళ్లి అని ప్రచారం చేశారు. దుకాణాల వాళ్లు ప్రత్యేక అట్టలతో ఎక్కువ కాపీలు తెప్పించి వేడుకలు పెట్టుకున్నారు. 2018 జూలై 4న సంచిక రావాల్సి ఉంటే, అంతకు మూడు రోజుల ముందే పెళ్లి జరగదని న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చేసింది. దాంతో దుకాణాల నిండా సరుకు, కొనేవాళ్లకు చప్పబడ్డ మనసు.

రచన మాట వేరు. సంతోషంగా ఉన్నవాడు బ్యాట్‌మ్యాన్‌గా ఉండలేడని భయపడి సెలీనా వెళ్లిపోతుంది. దాని వెనక విలన్ బేన్ పన్నాగం ఉందని చివరి పేజీ చెబుతుంది. అంటే 50 ముగింపు కాదు, నడిమి మలుపు. ముగింపు అన్నట్టు అమ్మింది ప్రచారం. కింగ్ రన్ 85తో ఆగింది, మిగిలిన కథ ‘బ్యాట్‌మ్యాన్/క్యాట్‌వుమన్’ 12 సంచికల్లో ఉంది. 85 దాకా చదివి, అప్పటికీ నచ్చకపోతే ధైర్యంగా బాగలేదనండి. చాలామంది అట్లాగే అన్నారు. మధ్యలో కథ ఒకేచోట తిరిగిందన్న మాటలో నిజముంది.

ప్రశ్న: ఇవన్ని కొత్తయి కొనాలంటే పైసలు చాలవు. పాతయి ఎక్కడ చూడాలె?
– దేవరకొండ నుంచి

జవాబు: హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాలు. ఎంజీబీఎస్‌లో దిగితే అక్కడికి దగ్గరే. పొద్దున్నే పోండి. విడి సంచికలు వరుసగా దొరకవు కాబట్టి, కావలసిన నంబర్ల చీటీ జేబులో ఉంచుకోండి. అట్ట మీది అంకె ఒక్కటే నమ్మొద్దు. మొదటి పేజీలోనో, లోపలి అట్ట మీదో అడుగున చిన్న అక్షరాల్లో నంబరు, నెల, సంవత్సరం ఉంటాయి, అవి చూడండి. నడుమ పిన్నుల దగ్గర పేజీలు ఊడాయేమో తిప్పి చూసి, అప్పుడు బేరం ఆడండి. ఇంటికొచ్చాక గోడకు ఆనించకుండా, నేల మీద కాకుండా పెట్టండి, మన దగ్గర చెదలు అక్కడి నుంచే ఎక్కుతాయి. ఎండ తగిలే ఇనుప బీరువా పై అర వద్దు. ఎండాకాలం వేడికి అట్టపుస్తకాల వెన్ను బంక పెళుసెక్కి, పేజీలు కట్టలుగా ఊడతాయి.