ఏసీ బిగించే రోజు ఇంట్లోనే ఉండు

చి.సౌ. సుజాతకి పెదనాన్న ఆశీస్సులు.

ఏసీ కొన్నారనీ, శనివారం వచ్చి బిగిస్తారనీ మీ అమ్మ చెప్పింది. ఏ కంపెనీదో నేను అడగలేదు. ఎంత మంచి కంపెనీదైనా సగం పని ఫ్యాక్టరీలో అవుతుంది, మిగతా సగం మీ గోడ మీదే. కాబట్టి ఆ రోజు నువ్వో అల్లుడో దగ్గర ఉండండి. వాచ్‌మన్‌కి తాళాలిచ్చి ఆఫీసుకి పోవద్దు.

ముందు కరెంటు సంగతి. టన్నున్నర ఏసీ కదా, మెయిన్ బోర్డు నుంచి దానికి విడిగా లైను రావాలి. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్చి), గట్టి ఎర్తింగ్. ఏసీ మెకానిక్ ఇవన్నీ చెయ్యడు, ఉన్న ప్లగ్గులోనే పెట్టేసి వెళ్తాడు. అతనొచ్చేలోపే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చేయించు.

మీ ఫ్లాట్ విశాఖలో, అదీ సముద్రానికి దగ్గర. ఉప్పుగాలి అవుట్‌డోర్ యూనిట్ రేకుల్ని తినేస్తుంది. బాల్కనీలో సముద్రం వైపు కాకుండా పక్కగోడకి పెట్టించు. స్టాండు తుప్పు పట్టనిది అడుగు, బోల్టులు ఇటుక సందులోకి కాకుండా కాంక్రీటులోకి దిగాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ గాలి మీ ఊరిని ఏం చేసిందో నీకు చెప్పక్కర్లేదు. సన్‌షేడ్ మీద పెడతామంటే మాత్రం ససేమిరా అను. రేపు సర్వీసుకొచ్చిన కుర్రాడు ఏ ఆధారమూ లేకుండా నాలుగో అంతస్తులో దాని మీద నిలబడాలి. అలాంటి పాపం మనకొద్దు.

ఇక అసలు విషయం. ఇండోర్, అవుట్‌డోర్ యూనిట్లని పైపులతో కలిపాక ఆ పైపుల లోపల గాలి, తేమ మిగులుతాయి. వాటిని వ్యాక్యూమ్ పంపుతో లాగెయ్యాలి. తేమ ఉండిపోతే కంప్రెసర్ ఆయిల్ మెల్లగా పాడవుతుంది. అది బయటపడేసరికి వారంటీ అయిపోయి ఉంటుంది. చాలామంది పంపు మోసుకురారు. నట్టు కొంచెం వదులు చేసి, గ్యాస్‌నే కాస్త వదిలి గాలిని బయటికి తోసేస్తారు, రెండు నిమిషాల పని. ఇప్పుడొచ్చే ఏసీల్లో ఎక్కువగా ఆర్32 గ్యాస్. దానికి అంటుకునే గుణం ఉంది, అలా వదలడం ప్రమాదం కూడా. అందుకని ముందురోజే ఫోన్ చేసి "పంపు తెస్తున్నారా బాబూ?" అని అడుగు. తేకపోతే ఇంకోరోజు రమ్మను, మొహమాటపడకు.

పంపు పెట్టాక గేజి, అంటే పీడనం చూపే మీటరు, చూడు. ముల్లు సున్నా దాటి కిందికి దిగాలి. పావుగంటకి తక్కువ కాకుండా నడవనిచ్చి, పంపు ఆపి, ఇంకో పది నిమిషాలు ఆగమను. ముల్లు కదలకుండా ఉంటేనే అవుట్‌డోర్ యూనిట్‌లో గ్యాస్‌ని ఆపి ఉంచే వాల్వులు అలెన్ కీతో తెరవాలి. తర్వాత నట్ల దగ్గర సబ్బు నురగ రాయించు. బుడగ వచ్చిందా, లీకే.

"గ్యాస్ తక్కువుందమ్మా, కొట్టాలి" అంటే నమ్మకు. మామూలు పొడవు పైపుకి సరిపడా గ్యాస్ కొత్త యూనిట్‌లో కంపెనీయే నింపి పంపుతుంది. పైపు బాగా పొడవైతేనే ఆ మాట నిజం. అదనపు పైపుకి మీటరు ఎంతో కూడా పని మొదలవకముందే తేల్చుకో. బిల్లు దగ్గర గొడవలన్నీ అక్కడే.

గోడకి వేసే కన్నం బయటివైపు వాలుగా ఉండాలి. ఇండోర్ యూనిట్ మంచం మీదికి నేరుగా ఊదకుండా చూసుకో, పిల్లాడికి అసలే జలుబు. మెకానిక్ వెళ్లేలోపు మూత తీయించి ట్రేలో చెంబెడు నీళ్లు మెల్లగా పోయించు. డ్రెయిన్ పైపు చివర ధారగా పడితే సరే, లేకపోతే అప్పుడే సరిచేయించు.

వారంటీ కార్డు మీద తేదీ వేయించుకోవడం మర్చిపోవద్దు. శుక్రవారం ఎలక్ట్రీషియన్ పని అయ్యాక బోర్డు ఫోటో పంపు, చూసి చెప్తాను.

పెదనాన్న