రన్ ఒప్పుకునే ముందు

విశాఖపట్నం

చిట్టితల్లీ,

నిన్ను ఆ వీడియో గేమ్ రన్‌లు, అంటే ఆటని ఎంత తొందరగా ముగించారో చూపే వీడియోలు, వెరిఫై చేసే మోడరేటర్‌గా తీసుకున్నారని మీ అమ్మ చెప్పింది. మురిసిపోయాను, ఒప్పుకుంటాను. కానీ పొద్దున్నే సిరిపురంలో ఆఫీసు పెట్టుకుని, అమెరికా వాళ్లు పంపే రన్‌ల కోసం అర్ధరాత్రిదాకా మేలుకోవడమేంటే? చూడాల్సిన రన్‌ల క్యూ ఎక్కడికీ పోదు. నిద్రమత్తులో ఫ్రేము, అదే వీడియోలోని ఒక్కో బొమ్మ, తప్పుగా చదువుతావు.

ఏ షరతులతో ఆడాలో చెప్పే కేటగిరీ నియమాలు చదువు. వీడియో మొత్తం చూడు. ఎమ్యులేటర్ (ఆటల యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాం) వాడితే దాని పేరూ వెర్షనూ సరిచూడు.

తెర మీద ఆటగాడు పెట్టుకున్న టైమర్‌ని నమ్మకు, చాలాసార్లు అది చేత్తో నొక్కిందే. యూట్యూబ్‌లో వీడియో ఆపి, కామా, ఫుల్‌స్టాప్ కీలతో ఒక్కో ఫ్రేమే జరుపు. మొదలు 312వ ఫ్రేము, ముగింపు 18,987 అనుకో. తేడా 18,675. వీడియో సెకనుకి 60 ఫ్రేములదైతే, దాన్ని 60తో భాగిస్తే 311.25 సెకన్లు, అంటే 5 నిమిషాల 11.25. నాణ్యత 480లో ఉంటే 60 ఫ్రేముల వీడియో కూడా 30కి పడిపోతుంది, ఒక్కో అడుగుకి 33 మిల్లీసెకన్లు దాటేస్తుంది. 720కి పెంచాకే లెక్కపెట్టు.

వీడియో ముక్కలు అతికించి మోసం చేసేవాళ్లు లోడింగ్‌లో, నల్ల తెరలో కోస్తారు. అక్కడికి ముందూ వెనకా స్కోరు, ప్రాణాలు, ఆటలోని గడియారం కలుస్తున్నాయా చూడు. శబ్దాన్ని ఆడాసిటీ అనే సౌండ్ ప్రోగ్రాంలో స్పెక్ట్రోగ్రామ్‌గా, అంటే శబ్దపు బొమ్మగా, తెరిస్తే కోత దగ్గర చాలాసార్లు నిలువు గీత పడుతుంది. లైవ్ స్ట్రీమ్ మధ్యలో తెగినా అదే గీత పడొచ్చు సుమా! గీత కనబడగానే దొంగ అనేయకు, అసలు రికార్డింగ్ అడుగు.

నా భయమంతా వేరే. పెద్ద పేరు చూస్తే నువ్వు మెత్తబడిపోతావు, చిన్నప్పట్నుంచీ అంతే. డ్రాగ్‌స్టర్ సంగతి తెలుసుకో. అటారీ 2600 అనే పాత ఆటల యంత్రం మీద 1980లో వచ్చిన కారు పందెం అది, ఆరు సెకన్ల ఆట కూడా కాదు. 1982లో ఒకాయన 5.51 సెకన్లు చేశానన్నాడు. ఆట తయారుచేసిన కంపెనీయే ఒప్పుకుంది. ఆ తర్వాత రికార్డుల పట్టికలో ఎక్కింది. అందులో ఉంది కాబట్టి నిజమనుకున్నారు, నిజం కాబట్టే అందులో ఉందనుకున్నారు. ఎవరికీ అంత దగ్గరగా రావడం చేతకాకపోతే ఆయన ప్రతిభే అన్నారు తప్ప, ఆటలో అది కుదురుతుందా అని అడగలేదు. 2017లో ఆట కోడునే విప్పి, ప్రతి నొక్కూ తప్పులేకుండా పెట్టి చూస్తే అంతకన్నా తగ్గనిది 5.57. ఆరు వందో వంతులే తేడా, అయినా దాటరానిది. 2018 జనవరిలో తీసేశారు. ఆ ముప్పై అయిదేళ్లూ నిజాయితీగా ఆడినవాళ్లంతా ఆ అంకె కిందే ఉండిపోయారు తల్లీ.

అందుకే రన్నర్ పేరు కాగితంతో మూసైనా సరే, ముందు కొలువు. అనుమానం వస్తే గ్రూపులో కక్కకు. మిగతా మోడరేటర్లలో ఇంకొకరిచేత విడిగా కొలిపించు, మీ అంకెలు కలిశాకే ఆటగాడికి రాయి. రిజెక్ట్ చేస్తే ఏ ఫ్రేములో, ఏ నియమం తప్పిందో రాయి. అవతల పదమూడేళ్ల పిల్లాడైనా ఉండొచ్చు, ఒక్క వాక్యం మెత్తగా కలుపు.

మొదటి లెక్కల షీటు నాకు పంపు, నేనూ ఓసారి కొలుస్తాను. పదకొండు దాటితే మాత్రం ఫోన్ ఎత్తను.

నీ పెద్దమ్మ