మొదటి నెల జీతంలో సగం ఆపి పెట్టుకున్నారు, మానేస్తే ఆ డబ్బు పోయినట్టేనా?

ప్రశ్న: సర్, మూడు నెలల క్రితం ఒక ప్రైవేట్ కంపెనీలో జాయిన్ అయ్యాను. మొదటి నెలలో పదిహేను రోజుల జీతం ఆపేశారు. ఏడాది పనిచేసి మానేస్తే ఇస్తాం, మధ్యలో వెళ్తే ఇవ్వం అంటున్నారు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఆ కండిషన్ ఉంది, నేను సంతకం పెట్టేశాను. ఇప్పుడు వేరే జాబ్ వచ్చింది. ఏం చేయాలి?

జవాబు: సంతకం పెట్టేశాం కదా అని చాలామంది అక్కడే ఆగిపోతారండి, కంపెనీకి కావాల్సింది కూడా అదే. ముందు ఒకటి చూసుకోండి. కొన్ని ఆఫీసుల్లో 20నో 25నో అటెండెన్స్ క్లోజ్ చేసేసి, ఆ తర్వాత రోజుల జీతం వచ్చే నెలతో కలిపి వేస్తారు. మీ రెండో నెల పేస్లిప్‌లో ఎరియర్స్ (పాత బాకీ) అని ఏమన్నా పడిందేమో చూడండి, పడితే గొడవే లేదు. గట్టిగా చెప్పాలంటే అది కూడా లేటే, కానీ దానికోసం లేబర్ ఆఫీసు చుట్టూ తిరగమని నేనైతే చెప్పను.

మీరు రాసినదాన్ని బట్టి మీది ఆ కేసు కాదు, మీరు మానేయకుండా మీ డబ్బునే అడ్డం పెట్టుకున్నారు. 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ 2019 అనే చట్టం అమల్లోకి వచ్చింది, మీరు చేరింది ఆ తర్వాతే కాబట్టి మీకు అదే వర్తిస్తుంది. దాని ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ దాటకుండా ఇచ్చేయాలి. జీతంలోంచి ఏమేం పట్టుకోవచ్చో సెక్షన్ 18లో రాసి ఉంది, పీఎఫ్, ఇన్‌కమ్ ట్యాక్స్, తీసుకున్న అడ్వాన్సు, డ్యూటీకి రాని రోజులు, ఇలాంటివి. మధ్యలో మానేస్తారేమో అని ముందే ఆపి పెట్టుకోవడం అనేది అందులో ఎక్కడా లేదు. ఇక ఆ సంతకం సంగతి, ఈ చట్టం కింద మనకి రావాల్సిన డబ్బుని వదులుకుంటున్నట్టు రాయించుకున్న అగ్రిమెంట్ చెల్లదని సెక్షన్ 60 చెప్తోంది, అంటే ఆ లైన్ లెటర్‌లో ఉన్నా లేనట్టే. మీరు మేనేజర్ పోస్టులో ఉన్నా, జీతం ఎక్కువైనా ఇదే రూల్, పాత చట్టంలో 24,000 దాటితే వర్తించదు అని ఉండేది, ఇప్పుడు ఆ లిమిట్ లేదు.

నోటీస్ పీరియడ్ మాత్రం వేరే విషయం, దీనితో కలపొద్దు. లెటర్‌లో నెల రోజుల నోటీస్ ఉంటే ఆ నెల పనిచేసే వెళ్లండి, లేకపోతే ఆ వంకతో లెక్క మొత్తం తిప్పేస్తారు.

రిజైన్ మెయిల్‌లోనే ఫలానా నెలలో ఆపిన పదిహేను రోజుల జీతం కూడా సెటిల్‌మెంట్‌లో కలపండి అని రాయండి, ఫోన్‌లో అడిగితే రికార్డు ఉండదు. రిజైన్ చేసినవాళ్లకి కూడా రెండు పనిదినాల్లో బాకీ జీతం ఇచ్చేయాలని చట్టం, నలభై ఐదు రోజులు పడుతుంది అనేది కంపెనీలు పెట్టుకున్న అలవాటు. ఆఖరి రోజు నో డ్యూస్ పేపర్ (ఇక బాకీలేమీ లేవని రాసిన కాగితం) ఒకటి ముందు పెడతారు చూడండి, అసలు దెబ్బ తగిలేది అక్కడే, డబ్బు రాకుండా దానిమీద సంతకం చేయకండి, చేయక తప్పకపోతే "పదిహేను రోజుల జీతం రావాల్సి ఉంది" అని పక్కన చేత్తో రాసి ఫోటో తీసుకోండి.

అయినా ఇవ్వకపోతే మీ జిల్లా లేబర్ ఆఫీసులో సెక్షన్ 45 కింద క్లెయిమ్ వేయొచ్చు. లాయర్ లేకపోయినా మీరే వేసుకోవచ్చు, యూనియన్ ఉంటే వాళ్లు కూడా వేస్తారు. జీతం ఇచ్చేశాం అని రుజువు చేసుకోవాల్సింది కంపెనీయే, మీరు కాదు. రావాల్సిన దానితోపాటు దానికి పది రెట్ల దాకా నష్టపరిహారం వేసే పవర్ ఆ అధికారికి ఉంది, ప్రతి కేసులో అంత వేస్తారని ఆశ పెట్టుకోకండి గానీ, కంపెనీకి పంపే నోటీసులో ఆ మాట ఒక్కటి రాస్తే చాలా కంపెనీలు ఫోన్ చేసి మరీ ఇచ్చేస్తాయి. పోలీస్ స్టేషన్‌కి వెళ్లి టైమ్ వేస్ట్ చేసుకోకండి, సివిల్ మేటర్ అని పంపించేస్తారు.

కంప్లయింట్ పెడితే రిలీవింగ్ లెటర్ ఆపుతారేమో అని భయముంటే, ముందు ఆ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికి తీసుకోండి, కొత్త జాబ్‌లో చేరిపోండి, క్లెయిమ్ ఆ తర్వాత వేయండి. దానికి మూడేళ్ల గడువు ఉంది.