సిడ్నీకి అమ్మను తీసుకొస్తున్నావా? బస సంగతి చెప్తాను

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. జూన్‌లో మూడు వారాల ఆఫీసు పని, వెంట భార్య, అమ్మగారు. ఆఫీసు ఊరి నడిబొడ్డున బారంగరూలో. హార్బర్ ఒడ్డున ఫెర్రీల రేవు సర్క్యులర్ కీ దగ్గర పదిహేడో అంతస్తులో హార్బర్ వంతెన కనపడే ఒంటిగది స్టూడియో తీసుకోవాలా, పడమటి శివారు పారమట్టా వైపు రెండు గదుల అపార్ట్‌మెంటు తీసుకోవాలా అని అడిగావు. అద్దె రెండిటికీ ఇంచుమించు ఒకటేనన్నావు కాబట్టి ఆ లెక్క వదిలేస్తున్నా. స్విమ్మింగ్ పూల్ గురించి కూడా అడిగావు. జూన్ అంటే ఇక్కడ నడి చలికాలం నాయనా, పూల్ ఎందుకు? నువ్వు అడగాల్సింది వేరే ఉంది. ఉదయం ఎనిమిదింటికి నువ్వు బయటపడ్డాక సాయంత్రం దాకా ఆ ఇద్దరూ ఏం చేస్తారు?

'నువ్వు' అని పిలుస్తున్నానని ఏమనుకోకు. ఈ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళ నుంచి ఉంటున్నాను. నీ తప్పు నేను ముందే చేసి పెట్టాను కూడా.

మాది విశాఖ. సముద్రం కనపడని ఊళ్ళో నిద్రపట్టదని గొప్పలు పోయేవాణ్ని. వచ్చిన కొత్తలో కంపెనీవాళ్ళు రెండు వారాలు బస మా ఇష్టానికే వదిలేస్తే, వెతికి వెతికి హార్బర్ కనపడే గది పట్టాను. ఇరవై ఒకటో అంతస్తు. ఒక పక్క 1932 నాటి వంతెన, రెండో పక్క ఒపేరా హౌస్. మొదటి సాయంత్రం ఫొటోలు తీసి మా బావమరిదికి పంపి తెగ పొంగిపోయాను.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఆవిడ కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. ఏం చేశావంటే, 'ఫెర్రీలు లెక్కపెట్టాను, నలభై మూడు' అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నాలుగో రోజుకి లెక్కపెట్టడం మానేసింది. నవ్వడం కూడా మానేసింది. ఆ కిటికీ తెరుచుకోదు. జూన్ వాన సన్నగా పడుతూనే ఉంది. కిందకి దిగితే అన్నీ ఆఫీసులే, కాఫీ కప్పులు పట్టుకుని పరుగెత్తే సూట్లే. ఐదు కొట్టేసరికి చీకటి, ఆరున్నరకి వీధి ఖాళీ. శనివారం చూస్తే కింద కాఫీ కొట్టు కూడా మూసేశారు. మన బీచ్ రోడ్డులో సాయంత్రం పూట మరమరాల బండి దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరు పలకరిస్తారు కదా. ఇక్కడ హార్బర్ చూడ్డానికి వచ్చేవాళ్ళందరూ నీలాంటి కొత్తవాళ్ళే. ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు.

ఇంటికి ఫోన్ చేసుకోవచ్చు కదా అంటావు. చలికాలంలో మనకీ ఇంటికీ నాలుగున్నర గంటల తేడా. ఇక్కడ ఉదయం పదంటే అక్కడ ఐదున్నర. నువ్వు వెళ్ళిపోయి గది బోసిపోయిన వేళకి అక్కడ అందరూ ముసుగుతన్ని పడుకుని ఉంటారు. ఈ సంగతి బుకింగ్ సైట్లలో ఎవడూ రాయడు.

ఐదో రోజు ఆవిడకి పప్పుచారు మీదకి మనసు పోయింది. ఎండుమిరపకాయలతో పోపు పెట్టింది. పొగ పైనున్న అలారానికి తగిలి, బిల్డింగు మొత్తం గంటలు మోగి, రెండొందల మంది మెట్లు దిగి వానలో నిలబడ్డారు. ఫైరింజను వచ్చింది. ఉత్తుత్తి అలారానికి ఇక్కడ వెయ్యి డాలర్లు దాటి బిల్లు వేస్తారు, అది మన నెత్తినే పడింది. ఆ రోజు తలకొట్టేసినట్టయింది నాకు. మా ఆవిడ మాత్రం, గొడుగు పంచుకున్న ఒక పెద్దావిడతో నలభై నిమిషాలు కబుర్లు చెప్పి పైకొచ్చింది. ఆ వారంలో నాతో కాకుండా ఆమె మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే. నాకప్పటికి గాని తలకెక్కలేదు.

తలకెక్కాక ఏం చేశాను? ఇంకో చివరికి పరుగెత్తాను. పడమటి వైపు కొత్తగా వేసిన కాలనీలో పెద్ద ఇల్లు, వెనక పెరడు, స్టేషన్‌కి నలభై నిమిషాల నడక. బస్సు గంటకొకటి. పగలంతా గడ్డి కోసే మిషన్ చప్పుడు తప్ప ఇంకేం వినపడదు, మనిషి కనపడడు. అక్కడి ఆరు నెలల గురించి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరం మాట్లాడం.

చివరికి పారమట్టా దగ్గరి వెంట్‌వర్త్‌విల్ చేరాం. మనవాళ్ళు ముద్దుగా 'వెంటీ' అంటారు. తర్వాత కొన్నేళ్ళకి మా అమ్మను పిలిపించుకున్నాను. పది రోజులు తిరక్కుండా ఆ వీధిలో ముగ్గురిని 'వదినా' అని పిలుస్తోంది. అందులో ఒకావిడ ఫిజీ నుంచి వచ్చిన మనిషి. ఆమెది ఫిజీ హిందీ, మా అమ్మకి తెలుగు తప్ప రాదు. ఇద్దరూ కూరగాయల కొట్లో బీరకాయల దగ్గర గంట నిలబడి మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.

అందుకని నువ్వు పారమట్టా, హారిస్ పార్క్, వెస్ట్‌మీడ్, వెంటీ, ఈ నాలుగింటిలోనే చూడు. స్టేషన్‌కి పది నిమిషాల నడక దాటకూడదు. హారిస్ పార్క్‌లో విగ్రమ్ స్ట్రీట్‌కి సాయంత్రం వెళ్తే చాట్, దోసె, మన మొహాలు, అన్నీ ఉంటాయి. పారమట్టా పార్కులో బెంచీలున్నాయి, పొద్దున ఎండలో కూర్చోవచ్చు. మేస్ హిల్ మురుగన్ గుడి కూడా ఆ పక్కనే. వెంకటేశ్వరస్వామి గుడి మాత్రం హెలెన్స్‌బర్గ్‌లో, కారులో గంట దారి, అది ఆదివారానికి పెట్టుకో.

నీ ఆఫీసుకి దూరమా? పారమట్టాలో రైలెక్కితే విన్‌యార్డ్ స్టేషన్ అరగంట పైచిలుకు, అక్కణ్ణించి బారంగరూకి నేల కింది నడక దారిలో పది నిమిషాలు. ఆ మాత్రం నువ్వు తిరగొచ్చు. రైల్లో నీకు పుస్తకం ఉంటుంది, పక్కన మనుషులుంటారు.

హార్బర్ పోతుందని నీ భార్య బాధపడుతోందన్నావు. ఎక్కడికీ పోదు. పారమట్టా రేవు నుంచి సర్క్యులర్ కీ దాకా నది మీదుగా ఫెర్రీ ఉంది, గంటన్నర ప్రయాణం. అత్తాకోడళ్ళిద్దరూ నువ్వు లేకుండానే ఎక్కి, మధ్యాహ్నం బారంగరూ రేవులో దిగి నీతో కలిసి అన్నం తినొచ్చు. రైలుకీ బస్సుకీ ఫెర్రీకీ వాడే ఓపల్ కార్డు ఎవరిది వాళ్ళకే ఉండాలి, ఒక్క కార్డుతో ఇద్దరు ఎక్కడం కుదరదు. అమ్మగారికి విడిగా ఆ కార్డూ, ఇక్కడి సిమ్‌తో ఫోనూ మొదటి రోజే ఇప్పించు. నా వెనకాలే వస్తుందిలే అనుకోకు. అలా అనుకునే మా ఆవిణ్ణి గదిలో కూర్చోబెట్టాను.

గది ఇచ్చేవాళ్ళకి రాసేటప్పుడు మూడు సంగతులు అడుగు. కిటికీ తెరుచుకుంటుందా, పడగ్గదిలో హీటర్ ఉందా, వంటగదిలో పొగ బయటికి పోయే ఫ్యాన్ ఉందా. ఇక్కడి ఇళ్ళు రాత్రిళ్ళు మన ఊరి ఫ్రిజ్ లాగే ఉంటాయి. వీసా, మందులు, ఆవకాయ సంగతులు ప్రభుత్వ సైట్లో చూసుకో. తినే వస్తువు ఏది తెచ్చినా విమానంలో ఇచ్చే కార్డులో రాసి చూపించు, అంతే.

బాండై బీచ్ దగ్గర ఉండమని నీ స్నేహితుడెవరో చెప్పాడట. అక్కడికి రైలు లేదు, బాండై జంక్షన్‌లో దిగి బస్సెక్కాలి. పెళ్ళి కానివాళ్ళ బస అది.

వంతెన మాత్రం నిద్రలేవగానే కనపడాలని అంత ముచ్చటగా ఉంటే, చివరి శని, ఆదివారాలు రెండు రాత్రులు మిల్సన్స్ పాయింట్‌లో గది తీసుకోండి. వంతెనకి ఉత్తరం కొసన, స్టేషన్ పక్కనే. అప్పుడు నువ్వూ ఉంటావు కాబట్టి ఎవరూ ఫెర్రీలు లెక్కపెట్టరు. కాకపోతే జూన్ మధ్య దాకా వివిడ్ దీపాల పండగ జరుగుతుంది, ఆ రోజుల్లో అటు వైపు గదులు దొరకడం కష్టం. నీ తేదీలు చూసుకుని అది అయ్యాక పెట్టుకో.