పాపను ఎక్కడ పెట్టావని అడుగుతోంది

ప్రశ్న: సిస్టరమ్మా, మాది మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె. రైస్‌మిల్లులో గుమాస్తాగా చేస్తున్నాను. నా భార్యకు 30వ వారంలోనే నొప్పులొచ్చి, ఆపరేషన్ చేస్తే కవలలు పుట్టారు. బాబు 1,300 గ్రాములు, పాప 1,050. పాప ఆరో రోజు పోయింది. నా భార్య ఆసుపత్రి మంచం మీదే ఉంది. నేనూ మా బాబాయీ పాపను ఊరికి తెచ్చి పెట్టాం. బాబుకు ఇప్పుడు అయిదు నెలలు. పాపను ఎక్కడ పెట్టావో చూపించమని ఆమె అడుగుతోంది. పాలిచ్చే తల్లి, ఏడిస్తే పాలు ఎండిపోతాయి, చూపించొద్దని మా అమ్మ అంటోంది. రాత్రిళ్లు ఆమె లేచి బాబు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. వాడు ఇంకా బోర్లా పడటం లేదు. నాకూ టెన్షన్‌గా ఉంది, ఎవరితో చెప్పుకోను?

జవాబు: తమ్ముడూ, చూపించు. మిల్లుకు సెలవున్న రోజు చూసుకుని నువ్వే తీసుకుపో. బాధలో పాలు దిగడం కాస్త ఆలస్యం కావచ్చు గానీ, బిడ్డ చీకుతున్నంత కాలం పాలు ఊరుతూనే ఉంటాయి. బాబును అక్కడికి తీసుకెళ్లొద్దని మీ అమ్మ అంటే, ఆమె దగ్గరే వదిలి వెళ్లండి. ఆ ఒక్క విషయంలో ఆమెతో వాదన అనవసరం.

నువ్వు పాపను చేతుల మీద మోశావు, మన్ను వేశావు. ఆమెకు అది కూడా లేదు. అద్దాల పెట్టెలో, వైర్ల మధ్య చూసిన ముఖం ఒక్కటే ఉంది. నా ఉద్యోగమంతా నల్లగొండ జిల్లాలో పసిపిల్లల వార్డుల్లోనే గడిచింది. తల్లిని మంచం మీద ఉంచి బిడ్డను గబగబా ఊరికి పంపేయడం చాలాసార్లు చూశాను. ఆమె మంచికే అనుకుంటారు. ఆ తల్లులే తర్వాత బాబుకో పాపకో టీకాకని వచ్చి, “ఏ బట్టలో చుట్టారు సిస్టర్, టోపీ పెట్టారా” అని నన్ను పక్కకు పిలిచి అడిగేవారు. నీ భార్య నిన్నే అడుగుతోంది, అది మంచిదే. ఏ బట్ట, ఏ చెట్టు కింద, ఎవరెవరు ఉన్నారు, అన్నీ చెప్పు. నువ్వు ఏడ్చి ఉంటే అదీ చెప్పు. నీకేం పట్టనట్టు ఉన్నావని ఆమె అనుకుంటూ ఉండవచ్చు.

“ఒక్కడన్నా దక్కిండు కదా” అని మీ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ అనే ఉంటారు. మిల్లు పుస్తకంలో జమా ఖర్చూ ఒకదానికొకటి కొట్టేస్తావు, ఇక్కడ ఆ లెక్క నడవదు. బాబు మొదటిసారి నవ్విన రోజే ఆమె ఎక్కువ ఏడ్చి ఉంటుంది, పక్కన నవ్వాల్సిన ఇంకొకరు లేరు కాబట్టి. అది చూసి పిల్లాడి మీద ప్రేమ లేదనకండి.

ఇక బోర్లా పడటం. వాడు పది వారాలు ముందు పుట్టాడు. ఎదుగుదల చూసేటప్పుడు ఆ పది వారాలు తీసేయాలి. అంటే ఇప్పుడు వాడిది రెండున్నర నెలల పిల్లాడి పని. ఆ వయసుకు నవ్వడం, మనిషిని చూడటం, మెడ నిలపడానికి ప్రయత్నించడం చాలు. పక్కింటి అయిదు నెలల పిల్లాడితో పోల్చొద్దు. టీకాలు మాత్రం పుట్టిన తేదీ నుంచే లెక్క, వాటికి ఆ వారాలు తీసేయకూడదు. మీరు రాయని సంగతి ఒకటి అడుగుతాను: కంటి పరీక్ష అయిందా? 34 వారాల లోపు గానీ, 2 కిలోల లోపు గానీ పుట్టిన పిల్లలకు నెలలోపే కంటి వెనక పొర చూడాలి. ఒక్కసారి చూసి వదిలేసేది కాదు, రక్తనాళాలు పూర్తిగా ఎదిగాయని కంటి డాక్టరు చెప్పేదాకా చూపించాలి. ఆ మాట మీకు ఎవరూ చెప్పి ఉండకపోతే ఈ వారమే వెళ్లండి. వినికిడి పరీక్ష కూడా అడగండి.

ముక్కు దగ్గర వేలు పెట్టడం గురించి కంగారు పడకు. మానిటర్ మోత వింటూ వారాల తరబడి కూర్చున్న తల్లులు అలాగే చేస్తారు. బాబును వెల్లకిలా పడుకోబెట్టండి, పక్కన దిండ్లు, బొంతలు వద్దు. రాత్రి ఒక జాము నువ్వు మేలుకుని ఆమెను పడుకోమను. వాడు నిద్రపోతున్నా ఆమెకు నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, బాబును ఎత్తుకోవాలనిపించడం లేదన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించు. చచ్చిపోతానంటే ఆ రోజే తీసుకెళ్లు, ఒంటరిగా వదలొద్దు. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటారు. ఆ నంబరు నీకూ పనికొస్తుంది. ఎవరితో చెప్పుకోను అని అడిగావు కదా.

మీ అమ్మను తప్పుపట్టను. ఆమెకూ మనవరాలు పోయింది, ఆమెను మాత్రం ఎవరు పలకరించారు? పాప మాట ఎత్తొద్దనడం ఆమె భయం. వీలైతే ఆమెతో కూర్చుని, పాప ఎవరి పోలిక అని అడిగి చూడు.

పాపకు జనన పత్రం, మరణ పత్రం రెండూ ఉండాలి. ఆసుపత్రిలోనే జరిగింది కాబట్టి వివరాలు వాళ్లే పంపి ఉంటారు, డిశ్చార్జి కాగితాలు పట్టుకెళ్లి అడుగు. నమోదు కాలేదంటే ఏడాది నిండకముందే చేయించు, ఆ తర్వాత మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలంటారు.