థండర్‌బర్డ్: మెయిల్స్ తీసేసినా ఇన్‌బాక్స్ ఫైల్ సైజు తగ్గకపోతే

థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాంలో నాలుగు వేల మెయిల్స్ తీసేసినా ఇన్‌బాక్స్ ఫైల్ ఇంకా 6 జీబీ ఉంది, ఎందుకని మీరు అడిగారు. మీరు కాంపాక్ట్ (తీసేసిన మెయిల్స్‌ని ఫైల్లోంచి నిజంగా తొలగించే పని) చేసి ఉండరు, కారణం దాదాపు అదే. థండర్‌బర్డ్ మామూలుగా ఒక్కో ఫోల్డర్‌ని ఒకే పెద్ద ఫైల్‌గా దాచుకుంటుంది, మీరు డిలీట్ కొడితే ఆ మెయిల్ మీద "తీసేసినది" అని గుర్తు పెట్టి ఒక కాపీని ట్రాష్‌లో వేస్తుంది, అంతే. అసలు మెయిల్ ఆ ఫైల్లోనే ఉంటుంది. అందుకే డిలీట్ చేసేకొద్దీ డిస్క్ ఇంకా నిండుతుంది!

1. ముందు ట్రాష్ ఖాళీ చేయండి.

2. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూసుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. కాంపాక్ట్ చేసేటప్పుడు మిగిలిన మెయిల్స్‌తో కొత్త ఫైల్ రాసి, ఆ తర్వాతే పాతదాన్ని తీసేస్తుంది కాబట్టి మీకు 6 జీబీ దాకా ఖాళీ ఉంటే మంచిది, చోటు చాలకపోతే పని పూర్తి కాదు. చోటు లేకపోతే వీడియోలేవైనా పెన్‌డ్రైవ్‌లోకి మార్చండి.

3. థండర్‌బర్డ్ మూసేసి ప్రొఫైల్ ఫోల్డర్ (మీ మెయిల్స్, సెట్టింగ్స్ అన్నీ ఉండే ఫోల్డర్) మొత్తం ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. దయచేసి దీన్ని మానొద్దు.

4. మళ్ళీ తెరిచి, ఇన్‌బాక్స్ మీద రైట్ క్లిక్ చేసి కాంపాక్ట్ నొక్కండి. అయ్యేదాకా ప్రోగ్రాం మూయకండి.

తర్వాత లిస్టులో మెయిల్స్ తేడాగా కనిపిస్తే టెన్షన్ పడకండి, ఇన్‌బాక్స్ ప్రాపర్టీస్‌లో రిపేర్ ఫోల్డర్ నొక్కితే ఇండెక్స్ (లిస్టు చూపించడానికి థండర్‌బర్డ్ వాడుకునే పట్టిక) మళ్ళీ తయారవుతుంది.